సొరంగములు – భూగర్భజలము

సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు, మొగుడంపల్లి ప్రాంతములందు బావి త్రవ్వినచో, పెక్కుచోట్ల మొదట ఎఱ్ఱని మొరపరాయియు, దాని క్రింద నల్లరాయియు కనబడును. నల్లరాయి మిక్కిలి గట్టిది. అయినను దానియందు పగుళ్లు కలవు. వాననీరు మెల్లమెల్లగా ఆ పగుళ్లలోనికి ఇంకి నిలుచును. బావిలో ఊటగా వచ్చునది ఆ నీరే.

సొరంగము అడ్డముగా త్రవ్విన బావి వంటిది. దానిలోనికి చుట్టునున్న నీరు ఊరుచుండును. పని సాగవలెనన్న ఆ నీటిని రేయింబవళ్లు తోడి బయట పోయవలెను. అందుచే పైనున్న జలమట్టము తగ్గి, ఊరి బావులు ఎండిపోవచ్చును. స్వీడను దేశములోని హాలండ్సోస్ రైలు సొరంగపు పని 1992లో మొదలై, నీటి ఊట వలన పలుమార్లు నిలిచి, 2015లో గాని పూర్తి కాలేదు.

నీరు పోయినంత మాత్రమున నేల ఏల క్రుంగును? మట్టిరేణువుల నడుమనున్న నీరు పైబరువులో కొంత భరించును. ఆ నీరు తొలగినచో బరువంతయు రేణువులపై పడి నేల అణగును. నీరు వేగముగా పారినచో ఇసుకయు మట్టియు దానితో కొట్టుకొనిపోయి లోపల గుల్ల యేర్పడును. గుల్ల పెరిగి పైకప్పు పలుచబడగా నేల ఒక్కసారిగా గోతివలె కూలును. సున్నపురాయి నీటికి కరగును గనుక, అట్టి నేలలో సొరంగము లేకున్నను గోతులు పడవచ్చును. 2015లో కడప సమీపమున చింతకొమ్మదిన్నె మండలమున నేల అట్లే క్రుంగెను. 2019 ఆగస్టు 31న కోల్‌కతాలోని బౌబజారులో మెట్రోరైలు సొరంగము త్రవ్వు యంత్రము భూమిలోని నీటిపొరను ఛేదించెను. నీరును మట్టియు సొరంగములోనికి ఉబికెను. పైనున్న ఇండ్లు బీటలువారెను; కొన్ని కూలిపోయెను.

పైన నేల నిలిచియున్నను లోపలివారికి ముప్పు తప్పదు. నల్లగొండ ప్రాంతమునకు కృష్ణాజలములను తెచ్చుటకై నల్లమల కొండల క్రింద శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగమును త్రవ్వుచుండిరి. పైన పులుల అభయారణ్య మున్నందున నడుమ దారులు దింపక, రెండు కొనలనుండియే పని సాగించిరి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపున, ముఖద్వారమునకు సుమారు 14 కిలోమీటర్ల లోపల, పైకప్పు కూలి నీరును బురదయు వెల్లువగా వచ్చెను. పరరాష్ట్రములనుండి పనికై వచ్చిన ఎనిమిదిమంది లోపల చిక్కుకొనిరి. రెండు నెలలు వెదకినను రెండు మృతదేహములే లభించెను.

ఇట్టి ఆపదలను తగ్గించు ఉపాయములు కలవు. యంత్రమునకు ముందుగా సన్నని రంధ్రములు తొలిచి రాతిని, నీటిని పరీక్షింతురు. సిమెంటుపాలను ఒత్తిడితో పంపి పగుళ్లను మూయుదురు. త్రవ్విన వెంటనే కాంక్రీటుపలకలతో గోడ కట్టుదురు. సమీపపు బావుల నీటిమట్టమును కొలుచుచుందురు. ఊట హఠాత్తుగా హెచ్చినను, తేటనీరు బురదనీరైనను, లోపల మట్టి కదలుచున్నదని గ్రహింపవలెను. అప్పుడు పని ఆపి, పనివారిని ముందుగా బయటికి రప్పింపవలెను. కాలువ ఒక యేడు ఆలసించినను పైరును మరుసటి యేడు వేసికొనవచ్చును. పోయిన ప్రాణము తిరిగి రాదు.