మూడంగుళాల మీసాల చేప... నాలుగడుగుల తిప్పలు

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్. హైదరాబాద్‌లో ఈ మూడు పేర్లు తెలియని ఇల్లు మన పల్లెల్లో తక్కువ. గ్రూప్స్ అని, సివిల్స్ అని, బ్యాంకు పరీక్షలని పిల్లలు అక్కడే గదులు తీసుకుని చదువుకుంటున్నారు. బియ్యం మూటతోనో, పచ్చడి డబ్బాతోనో మీరూ ఒకసారి వెళ్లే ఉంటారు. ఈసారి వెళ్లినప్పుడు అటువైపు రంగు చేపల దుకాణం కనబడితే ఒక్క నిమిషం ఆగండి. గాజు తొట్టి అడుగున వేలెడంత చేప ఒకటి ఉండొచ్చు. వీపు నల్లగా, పొట్ట తెల్లగా, తోక ఎర్రగా, మూతికి పొడుగాటి మీసాలు. కొన్ని వందల రూపాయలకే ఇస్తారు. దాని పేరు రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్. మన వాలుగకు, జెల్లకు దూరపు చుట్టం. పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నది.

వేలెడంత ఉన్న ఆ చేప పూర్తిగా ఎదిగితే నాలుగు అడుగులు దాటుతుంది. అమెజాన్‌లో 50 కిలోలకు పైబడినవీ గాలానికి పడ్డాయి. సరైన మేత దొరికితే మొదటి ఏడాదిలోనే అడుగు దాటిపోతుంది. పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. కొనేవారికి ఈ సంగతి చెప్పే దుకాణదారులు ఉన్నారు, చెప్పనివారూ ఉన్నారు.

దీనికి తోడు ఇంకో రెండు, మూడు రకాలు అదే తొట్లలో ఉంటాయి. చారలు, మచ్చలతో పార మూతి ఉన్న షావెల్‌నోస్ మూడు అడుగులకు పైగా పెరుగుతుంది. వెండిలా మెరుస్తూ గుంపుగా తిరిగే పిల్లల్ని ‘షార్క్’ అని అమ్ముతారు. అది షార్కూ కాదు, సొరా కాదు. కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల రైతులు చెరువుల్లో పెంచే పంగాసియస్సే అది. ఏడాదిలోపే కిలో దాటించి లారీలకెత్తే చేపను పట్నంవారు రెండడుగుల గాజు పెట్టెలో పెట్టుకుంటున్నారు. ఇక తొట్టి గోడలకు అంటుకుని పాచి తినే ‘సక్కర్’ సంగతి సరేసరి. పదుల రూపాయల్లో దొరుకుతుంది కాబట్టి అందరి తొట్టిలోనూ అదే. అది కూడా అడుగున్నర పెరుగుతుంది.

తొట్టిని బట్టి చేప పెరుగుతుందా?

‘తొట్టి ఎంతుంటే చేప అంతే పెరుగుతుంది’ అన్న మాట బాగా వినబడుతుంది. చేపల రైతులకు ఇది కొంత నిజమే అనిపించవచ్చు. పిల్లల్ని ఏడాదిపాటు ఒత్తుగా, తక్కువ మేతతో కురచగా ఉంచి, తర్వాత పెద్ద చెరువులో వదిలి గబగబా పెంచడం కోస్తా జిల్లాల్లో మామూలే. కానీ ఆ రైతు కురచ పిల్లను ఒక ఏడాదే అలా ఉంచుతాడు. జీవితాంతం ఉంచడు. ఇరుకు తొట్టిలో ఏళ్ల తరబడి ఉన్న చేపకు వెన్ను వంకర పోతుంది, మూతి గాజుకు రాసుకుని పుండు పడుతుంది, తన మలమూత్రాల నుంచి వచ్చే అమోనియాలోనే ఈదుతూ రోగాన పడుతుంది. చాలా చేపలు ఎదగక ముందే చస్తాయి. దాన్ని చూసి ‘ఇది చిన్న రకమే’ అనుకుంటారు.

స్థలం లెక్క మనకు తెలిసిన కొలతల్లోనే వేసి చూద్దాం. ఇళ్లలో పెద్దదిగా చెప్పుకునే అక్వేరియం నాలుగు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంటే 9 ఘనపు అడుగులు. ఘనపు అడుగుకు 28 లీటర్ల పైచిలుకు లెక్కన సుమారు 255 లీటర్ల నీళ్లు. నాలుగడుగుల చేప అందులో పడుకోగలదు గానీ వెనక్కి తిరగలేదు. అది ఒంటరిగా సుఖంగా తిరగాలంటే 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు తొట్టి కట్టడం మంచిది. అంటే సుమారు 10,900 లీటర్లు. ఒక్క నీటి బరువే దాదాపు 11 టన్నులు.

ఇప్పుడు అశోక్‌నగర్ అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు ఊహించుకోండి. ఇళ్ల శ్లాబులను మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల బరువు లెక్కతో కడతారు. నాలుగడుగుల లోతు నీళ్లు నిలిపితే చదరపు మీటరుకు 1,200 కిలోలు దాటుతుంది. అంటే ఆరింతలు. కింద ఇంటివాళ్లు ఏం పాపం చేశారు?

నీళ్ల లెక్క వేరే ఉంది. వారానికి పావు వంతు నీళ్లు మార్చినా 2,700 లీటర్లు, నెలకు దగ్గర దగ్గర 11 వేల లీటర్లు. హైదరాబాద్‌లో 2021 జనవరిలో మొదలైన ఉచిత నీటి పథకంలో ఇంటికి నెలకు ఇచ్చేదే 20 వేల లీటర్లు. అందులో సగానికిపైగా చేప తాగేసినట్టే.

అందుకని పెంచకూడదా అంటే, స్థలం, నీళ్లు, ఓపిక ఉన్నవారు పెంచుకోవచ్చు. నిజానికి ఆ మూడూ పట్నంవారికన్నా మీలో కొందరి దగ్గరే ఎక్కువ ఉంటాయి. ఇక్కడే అసలు చిక్కు.

‘మీ బావిలో వేసుకో అన్నా’

పట్నంలో చేప రెండడుగులయ్యాక దుకాణదారు వెనక్కి తీసుకోనంటాడు. జూలకు, ప్రదర్శనశాలలకు కూడా ఇలాంటివి ఎన్నని పడతాయి? అప్పుడు ఇంటివారికి ఊరు గుర్తుకొస్తుంది. పాలు పోసేవారినో, కూరగాయలు తెచ్చేవారినో, గదిలో ఉండే కుర్రాడినో పట్టుకుని ‘మీకు బావి ఉంది కదా, చెరువు ఉంది కదా, తీసుకెళ్లు, పుణ్యముంటుంది’ అంటారు. చంపలేక అనే మాటే గానీ చెడ్డ బుద్ధితో కాదు. మీరు మాత్రం ఆ చేపను బావిలోగానీ, సేద్యపు కుంటలోగానీ, ఊరి చెరువులోగానీ వేయవద్దు. వానాకాలం కుంట పొంగితే అది ఎక్కడికి పోతుందో మీ చేతిలో ఉండదు. రెడ్‌టెయిల్ నోట్లో పట్టినదాన్నల్లా మింగుతుంది. ఉచిత పంపిణీలో చెరువుకొచ్చిన బొచ్చె, రవ్వ పిల్లలు దానికి పలహారం.

ఉంచుకోవాలనే మనసుంటే సిమెంటు తొట్టిలో ఉంచండి. పైన చెప్పిన కొలతకు తగ్గకూడదు. కాలువతోగానీ, వాగుతోగానీ సంబంధం ఉండకూడదు. పైన గట్టి ఇనుప జాలీ, దానికి గొళ్లెం ఉండాలి. ఈ చేపలు రాత్రిపూట ఎగిరి పడతాయి. కొత్త సిమెంటు తొట్టి అయితే నీళ్లు నింపి, పారబోసి, రెండు, మూడు వారాలు సున్నపు ఘాటు పోయేదాకా కడగాలి. అడుగున గులకరాళ్లు వేయవద్దు, మింగి చస్తుంది. సగం తొట్టికి నీడ ఉండాలి. అమెజాన్ చేప కాబట్టి మన ఎండాకాలానికి ఫర్వాలేదు అనుకుంటారు, కానీ నీరు 30 డిగ్రీలు దాటి వేడెక్కితే అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. చలికాలంలో 20 డిగ్రీల కంటే దిగనివ్వరాదు. నల్లా నీళ్లయితే క్లోరిన్ పోయేలా ఒక రోజు తెరిచి ఉంచి పోయాలి. బోరు నీళ్లు కూడా నేరుగా పోయకుండా పైనుంచి ధారగా పడనిస్తే మేలు.

ఫిల్టరు అంటే భయపడనవసరం లేదు. రెండు ప్లాస్టిక్ డ్రమ్ముల్లో నురుగు షీట్లు, కంకర నింపి, చిన్న మోటారుతో నీళ్లు తిప్పితే సరిపోతుంది. ఆ కంకర మీద పెరిగే సూక్ష్మజీవులే అమోనియాను విరిచేస్తాయి. అవి ఎదగడానికి నెల పైన పడుతుంది, కాబట్టి మొదటి నెల మేత తగ్గించి నీళ్లు ఎక్కువ మార్చాలి. కరెంటు పోతే గాలి ఆడించడానికి బ్యాటరీ మీద నడిచే ఏరేటరు పక్కన పెట్టుకోండి. తొట్టి నుంచి తీసిన నీళ్లు వృథా కావు, గుడ్డతో వడకట్టి కొబ్బరికి, కూరగాయ మళ్లకు పెట్టుకోవచ్చు. సన్నకారు రైతుకు ఈ చేప వల్ల వచ్చే లాభం ఏదైనా ఉందంటే అదొక్కటే.

మేత విషయంలో అందరూ ఒకే తప్పు చేస్తున్నారు. మీసాల చేప ఎంత పెట్టినా తింటుంది గదా అని కోడి పేగులు, మాంసం కొవ్వు వేస్తారు. ఆ కొవ్వు దానికి అరగదు, కాలేయం చెడుతుంది, నీళ్లు ఒక్క రాత్రిలో కంపు కొడతాయి. చిన్నప్పుడు రోజుకోసారి, అడుగున్నర దాటాక రెండు, మూడు రోజులకోసారి చేప ముక్కలు, రొయ్యలు, మునిగే గుళికల మేత చాలు. ఇంకో మాట. పట్టేటప్పుడు వల వాడవద్దు. జెల్ల ముల్లు గుచ్చుకున్నవారికి చెప్పనక్కరలేదు, రెక్క ముల్లు వలలో చిక్కుకుని చేప రెక్క విరుగుతుంది, మన చెయ్యీ చీరుకుపోతుంది. తడిపిన టార్పాలిన్ కింద దూర్చి ఇద్దరు కలిసి ఎత్తాలి.

పెంచలేము, ఇంకెవరూ తీసుకోరు అన్నప్పుడు చంపి పూడ్చడమే సరైన పని. వినడానికి కటువుగా ఉంటుంది. రోజూ చేపలు పట్టే మనకు మాత్రం అది కొత్తేం కాదు.

నాలా నుంచి మూసీకి

పట్నంలో చాలామంది ఈ కటువైన పని చేయలేక సంచిలో నీళ్లు పోసి నాలాలోనో, చెరువులోనో వదిలి దండం పెట్టుకుని వస్తారు. అశోక్‌నగర్ పక్కనుంచే హుస్సేన్‌సాగర్ మిగులు నీటి నాలా పోతుంది. దోమలగూడ, హిమాయత్‌నగర్, నారాయణగూడ వైపుల మీదుగా కిందికి పారి గోల్నాక దగ్గర మూసీలో కలుస్తుంది. మూసీ అక్కడ ఆగదు. భువనగిరి, నల్లగొండ ప్రాంతాల్లో కత్వాల మీదుగా మన కాలువల్లోకి, చెరువుల్లోకి వస్తుంది. సూర్యాపేట దగ్గర మూసీ ప్రాజెక్టు నింపి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. 2020 అక్టోబరు వరదల్లో నాలాల పక్క కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. అలాంటప్పుడు గేటు దగ్గర తొట్టిలో ఉన్న చేపను ఎవరూ వదలనక్కరలేదు, అదే పోతుంది. కేరళలో 2018 ఆగస్టు వరదల తర్వాత అక్వేరియాల్లో, తొట్లలో ఉండాల్సిన పరదేశీ చేపలు నదుల్లో జాలర్ల వలలకు పడ్డాయి.

నాలా మురుగులో చేప బతుకుతుందా అని అడగవచ్చు. రెడ్‌టెయిల్ బతకడం కష్టం. కానీ సక్కర్ బతుకుతుంది. నీటిలో ప్రాణవాయువు లేకపోతే పైకొచ్చి గాలి మింగి జీర్ణాశయంతో పీల్చుకుంటుంది. గట్టు మీద పడేసినా గంటల తరబడి చావదు. ఒంటి మీద పొలుసులకు బదులు ఎముక పలకలుంటాయి కాబట్టి కొంగలకు, పెద్ద చేపలకు కొరుకుడు పడదు. వలలో పడిందంటే ఆ ముళ్లకు వల చీలికలే. గుడ్లు పెట్టడానికి గట్టులో మీటరు లోతు దాకా బొరియలు తవ్వుతుంది. చెరువు కట్ట మీద బతికే ఆయకట్టు రైతులు ఈ మాట రెండోసారి చదవాలి. మన దగ్గర జాలర్లు దీనిని దెయ్యం చేప అంటున్నారు.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో జీవులు వదిలే డీఎన్‌ఏ జాడలను పట్టి తూర్పు కనుమల జలవనరుల్లో వెతికితే, దాదాపు 60 శాతం చోట్ల ఈ చేప ఉన్నట్టు తేలింది. రంగు తొట్టి కోసం తెచ్చిన చేప అది. మెక్సికోలో ఇన్‌ఫియెర్నిల్లో అనే పెద్ద జలాశయం ఒకప్పుడు తిలాపియా చేపలకు పేరుపడింది. అక్కడ ఈ సక్కర్లు పెరిగి, జాలర్ల వలల్లో సగానికి పైగా అవే పడే రోజులు వచ్చాయి. కొనేవాడు లేడు.

ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ సంగతి మీకు తెలిసిందే. దాని పెంపకాన్ని కేంద్రం 1997లోనే నిషేధించింది, 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ మళ్లీ గట్టిగా చెప్పింది. అయినా దొంగచాటుగా కోడి వ్యర్థాలతో పెంచితే అధికారులు వచ్చి గుంటలు పూడ్చిన సంఘటనలు మన రాష్ట్రంలోనూ ఉన్నాయి. అక్వేరియం పిల్ల అని ఎవరైనా ఇచ్చినా తీసుకోవద్దు. కేసు మీ మీదే పడుతుంది.

చెరువులో ఎముక పలకల చేప కనబడితే తిరిగి నీళ్లలోకి విసరవద్దు, గట్టు మీదా వదలవద్దు. తలమీద కొట్టి చంపి, గుంత తీసి పూడ్చండి. ఫొటో తీసి మీ మత్స్య సహకార సంఘం ద్వారా జిల్లా మత్స్యశాఖ అధికారికి చూపించండి. సొంత కుంట అయితే వేసవిలో పూర్తిగా ఎండగట్టి, నెర్రెలు వాసేదాకా ఉంచి, బొరియలను మట్టితో మూయాలి. ఎండగట్టడం కుదరకపోతే ఎకరాకు, మీటరు లోతు నీటికి 1,000 కిలోల లెక్కన ఇప్పపిండి చల్లే పద్ధతి ఉంది, పిల్ల వేయడానికి మూడు వారాల ముందు చల్లాలి. గాలి పీల్చే చేపలు దీనికి అంత తేలిగ్గా లొంగవు కాబట్టి ఎండే నమ్మకమైన మందు. నీరొచ్చే తూము దగ్గర సన్న కళ్ల జాలీ రెండు వరుసలు కట్టాలి.

గదిలో చదువుకునే మీ అబ్బాయికో, అమ్మాయికో చేపల మీద ముచ్చటుంటే అడ్డం చెప్పకండి. రెండు, మూడంగుళాల దగ్గరే ఆగే కోరిడోరస్ అనే మీసాల చేపలున్నాయి, అరడజను కలిపి రెండడుగుల తొట్టిలో హాయిగా ఉంటాయి. పాచి తినడానికి సక్కర్‌కు బదులు ఐదంగుళాల దగ్గరే ఆగే బ్రిస్టిల్‌నోస్ అడగమనండి. కొనే ముందు దుకాణంలో అడగవలసిన ప్రశ్న ఒకటే: ఇది పూర్తిగా ఎదిగితే ఎంతవుతుంది? జవాబు తడుముకుంటే డబ్బులు జేబులోనే ఉంచుకుని పక్క షాపుకు నడవమనండి.