పక్కగది లేని ఇల్లు

ఇల్లు విశాలంగా ఉంటే కాపురం సుఖంగా ఉంటుందని మనం నమ్ముతాం. యూరప్‌లో ఉద్యోగ విరమణ చేసిన ఎందరో భార్యాభర్తలు మాత్రం ఆరేడు మీటర్ల మోటార్‌హోమ్‌లో నెలల తరబడి దేశాలు చుట్టివస్తారు. మంచం, పొయ్యి, మరుగుదొడ్డి అన్నీ అందులోనే. మనుషులు, సామాను, నీళ్లతో కలిపి చాలా బండ్ల పరిమితి 3,500 కిలోలే. 100 లీటర్ల నీళ్లు నింపితే 100 కిలోలు పెరిగినట్టే! అందుకే దేన్ని వదిలి వెళ్లాలో ముందుగా ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి.

బస దొరకడం అంత కష్టం కాదు. ఫ్రాన్స్‌లో 1993లో మొదలైన ‘ఫ్రాన్స్ పాసియోన్’లో సభ్యులైతే, రైతులు, ద్రాక్షతోటలవారు తమ స్థలంలో 24 గంటలు ఉచితంగా ఉండనిస్తారు. రాగానే వారిని పలకరించాలి, వెళ్లేటప్పుడు కృతజ్ఞత చెప్పాలి.

కానీ రోజులకూ లెక్కుంది. 2021 జనవరి నుంచి బ్రిటన్ దంపతులు వీసా లేకుండా షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండగలరు. గడువు ముగిసేలోగా అల్బేనియా వంటి బయటి దేశానికి బండి మళ్లించాలి, లేదా ఇంటిదారి పట్టాలి.

ఈ ప్రయాణంలో ఒకరు బండి నడిపితే మరొకరు దారి చూడాలి. ఒకరు నీళ్లు పడితే మరొకరు టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేయాలి. మాటామాటా పెరిగితే విసురుగా వెళ్లి తలుపేసుకోవడానికి పక్కగది లేదు. పొద్దుగూకేలోగా సర్దుకోవలసిందే.

మన ఇళ్లలో గదులెక్కువ. అందుకే రాజీని రేపటికి వాయిదా వేస్తుంటాం. దంపతులుగా మనం కలిసి గడిపే రోజులు కూడా లెక్కగలవే కదా!