కాంతితీగతో రక్తపరీక్ష

జ్వరమొచ్చిన మూడవనాడు రక్తమిచ్చి, ఫలితానికై సరిహద్దు దాటి మరల పట్టణానికి వెళ్ళడం మన పల్లెలకు కొత్త కాదు. డెంగ్యూ విషయంలో ఆ జాప్యం ప్రమాదకరం. ఆ వైరస్‌కు చెందిన ఎన్‌ఎస్‌1 ప్రోటీన్ తొలినాళ్ళలోనే రక్తంలో కనబడుతుంది. పట్టీ పరీక్ష అది ఉన్నదో లేదో చెబుతుంది గాని, ఎంత ఉన్నదో చెప్పదు. ఆ పరిమాణాన్ని రోగి చెంతనే కొలవాలన్న ఆశతో రూపొందుతున్న సాధనాలలో ఒకటి ఆప్టికల్ ఫైబర్ బయోసెన్సర్.

ఫోను, ఇంటర్నెట్ సమాచారాన్ని మోసే గాజుతీగ వంటిదే ఇదీను. కాంతి లోపలి అంచులకు తగిలి లోనికే పరావర్తనం చెందుతూ సాగుతుంది. అయితే కాలువ నీరు గట్టును కాస్త తడిపినట్లు, పైపొర తొలగించిన చోట కాంతిక్షేత్రం సుమారు 100 నుండి 200 నానోమీటర్ల మేర వెలుపలికి వ్యాపిస్తుంది. వెంట్రుక మందంలో అది కొన్ని వందలవంతు మాత్రమే! అక్కడ యాంటీబాడీలను అతికిస్తారు. వెదకుతున్న ప్రోటీన్ వాటికి చిక్కగానే, తీగ చివరకు చేరే కాంతిలో మార్పు వస్తుంది. ఆ మార్పే కొలత. బొంబాయి, మద్రాసు ఐ.ఐ.టి.ల పరిశోధకులు తీగను ‘యు’ ఆకారంలో వంచి చూశారు. వంపు వద్ద కాంతి మరింతగా వెలికి వస్తుంది గనుక స్పందన హెచ్చింది.

చిక్కంతా రక్తంతోనే. అందులోని ఇతర ప్రోటీన్లు సైతం గాజుకు అంటుకొని, లేని జబ్బును ఉన్నట్లు చూపగలవు. ప్రయోగశాలలోని శుద్ధ ద్రావణంలో చక్కగా పనిచేసిన సెన్సరు రక్తపుబొట్టులో తడబడడం ఇందువల్లనే. వాటిని అంటనీయని పూతలకై అన్వేషణ సాగుతున్నది.