క్రైస్తవ దేవాలయ శిల్పము

మిన్నునంటు గంటగోపురము, మొనదేలిన కమానులు, రంగుటద్దముల కిటికీలు - క్రైస్తవ దేవాలయమనగానే మనకు స్ఫురించు రూపమిది. ఈ రూపము ఆ మతముతోడనే పుట్టినదని పెక్కురు తలంతురు. చరిత్ర యందుల కంగీకరింపదు.

తొలి మూడు శతాబ్దులలో క్రైస్తవులు చాలవరకు ఇండ్లయందే కూడి ప్రార్థించుకొనుచుండిరి. 313లో కాన్‌స్టంటైను చక్రవర్తి వారికి మతస్వాతంత్ర్య మొసంగిన పిదప విశాలమైన మందిరములు కావలసివచ్చెను. రోమకుల దేవళములు విగ్రహమున కుద్దేశింపబడినవే గాని, జనసమూహము లోన గూడుట కనువైనవి కావు. కావున క్రైస్తవులు దేవళమును విడిచి, న్యాయవిచారణకును వర్తక వ్యవహారములకును రోమకులు వాడుచుండిన 'బసిలికా' యను సభాభవనమును గైకొనిరి. నడుమ పొడవైన శాల, ఇరుప్రక్కల స్తంభముల వరుసలు, కొసను అర్ధచంద్రాకారపు వేదిక. న్యాయాధిపతి కూర్చున్న తావున బిషప్పు కూర్చుండెను!

తూర్పున కాన్‌స్టాంటినోపిలులో జస్టీనియను చక్రవర్తి 537లో ముగించిన సెయింట్ సోఫియా ఆలయమునకు మహాగుమ్మటమే ప్రధానము. 558లో అది కూలగా మరింత యెత్తుగా మరల గట్టిరి. 1453లో ఆ నగరము తురుష్కుల వశమైన పిదప వారి మసీదులకు ఆ ఆలయమే ఒరవడి యయ్యెను.

మనమెరిగిన గోథిక్కు శైలి పారిసు చెంతనున్న సెయింట్ డెనిసునందు 1144 నాటికి రూపుదాల్చినది. అంతకుముందు రాతికప్పు బరువునకు మందమైన గోడలు, వానియందు చిన్న కిటికీలు, లోపల చీకటి. మొనదేలిన కమాను ప్రక్కలకు త్రోయు ఒత్తిడిని తగ్గించెను. మిగిలిన ఒత్తిడిని వెలుపలి రాతి ఊతలు భరించెను. బరువు మోయు పని తప్పిన గోడ స్థానమున అద్దములు నింపిరి. మబ్బు వీడని సీమలలో వెలుతురు కొరకు పడిన పాటిది. ఉత్సాహము హద్దుమీరుటయు గలదు: మిక్కిలి యెత్తుగా లేపిన బోవే ఆలయపు కప్పు 1284లో కొంత కూలినది.

ఆ శైలికి తెలుగునాట ప్రసిద్ధమైన నిదర్శనము మెదకు దేవాలయము. వెస్లియను మిషనరీ పాస్నెట్టు దొర పూనికతో 1914లో ఆరంభమై, 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠితమైనది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. గోపురము 170 అడుగులకు మించును. క్షామమున నలిగిన జనులు ఈ పనిచేసి కడుపు నింపుకొనిరి. దాని శోభను కాదనుట యసూయ యగును. అయినను, ఎండకు వెరచి నీడను వెదకు మెదకువారికి మబ్బుదేశపు కిటికీ లేల?

ఈ ప్రశ్నకు డోర్నకలునందు వేరొక సమాధానము గలదు. ఆంగ్లికను సంఘమున భారతీయులలో తొలి బిషప్పుగా 1912లో అభిషిక్తుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య పెక్కేండ్లు శ్రమించి, 1939 జనవరి 6వ తేదీన అచ్చటి ఆలయమును ప్రతిష్ఠించెను. అందు స్తంభములు మన దేవళముల పోలికవి. గుమ్మటములు మసీదుల పోలికవి. ఇది కలగాపులగమని యాక్షేపించువారుందురు. రోమకుల కచేరీని గైకొన్నవారిని ఎవ్వరు నట్లనలేదు! పైగా అజరయ్య తన సంఘమున నత్యధికులైన పల్లె పేదలు పరాయిచోటికి వచ్చితిమని తలంపక అడుగిడదగిన యింటిని గట్టదలచెను. దేవళపు గడప దాటనీయక దూరముంచబడిన వారికి ఆ దేవళపు స్తంభములే యిచ్చట నీడనిచ్చినవి.