చేతులు లెక్కపెడితే ఏకాభిప్రాయమా?

స్వచ్ఛంద సంఘంలో ఓటింగ్‌లో ఓడినవాళ్లు రాజీనామా కూడా ఇవ్వనక్కర్లేదు. జీతం లేని పని కాబట్టి మర్నాటి నుంచి రావడం మానేస్తే చాలు. 51 మంది మాట 49 మంది మీద రుద్దితే పని చేసే చేతులు తగ్గిపోతాయి. అందుకే పెద్ద నిర్ణయాలకు మూడింట రెండు వంతులో, నాలుగింట మూడు వంతులో ఓట్లు రావాలని చాలా సంఘాలు నియమం పెట్టుకుంటాయి. దీన్నే ప్రత్యేక మెజారిటీ అంటారు.

దీని అసలు పని కాపలా కాయడం. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సంఘం ఆశయాలు మార్చాలంటే ఐదింట మూడు వంతుల ఆమోదం కావాలి. అదీ ఒక్కసారితో తీరదు, నెల తర్వాత రెండో సమావేశం పెట్టి మళ్లీ అంత ఆమోదమూ పొందాలి. గ్రంథాలయానికని చందాలిచ్చి కట్టించిన భవనం ఒక్క సాయంత్రంలో కల్యాణ మండపం కాకూడదు కదా!

అయితే కాపలా వేరు, ఏకాభిప్రాయం వేరు. డెబియన్ అనే ఉచిత కంప్యూటర్ వ్యవస్థను ప్రపంచమంతటా ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు తయారు చేస్తారు. దాని రాజ్యాంగాన్ని మార్చాలంటే వద్దన్నవాళ్లకు కనీసం మూడు రెట్లు కావాలన్నవాళ్లు ఉండాలి. సాంకేతిక విషయాలకు సాధారణంగా అంత పట్టింపు లేదు. 2014 ఫిబ్రవరిలో, కంప్యూటర్ ఆన్ చేయగానే మిగతా పనులన్నీ మొదలుపెట్టే ప్రోగ్రాం ఏది కావాలన్న ప్రశ్న మీద అక్కడి సాంకేతిక కమిటీ నాలుగు, నాలుగుగా చీలింది. అధ్యక్షుడి నిర్ణాయక ఓటుతో సిస్టమ్‌డీ అనే కొత్త ప్రోగ్రాం గెలిచింది. ఏడాది తిరక్కుండానే అసంతృప్తులు కొందరు డెవువన్ పేరుతో వేరు కుంపటి పెట్టారు. ప్రత్యేక మెజారిటీ ఉండుంటే తగవు తీరేదా? తీరేది కాదు. ఏ పక్షానికీ చాలినన్ని ఓట్లు రాక పాత ప్రోగ్రామే దానంతటది నిలిచిపోయేది. మార్పు కోరేవాళ్ల మీదే ఎప్పుడూ భారం వేయడం ఈ నియమంలోని లోపం. దీన్ని తటస్థమైనదని అనుకోవడం పొరపాటు.

ఓటే లేకుండా నడిచే సంఘాలూ ఉన్నాయి. క్వేకర్లు అనే క్రైస్తవ సమాజం సభలో క్లర్కు అందరి మాటా విని, సభ అభిప్రాయంగా తనకు తోచింది రాసి చదువుతాడు. ఒప్పుకుంటే అదే తీర్మానం, లేకపోతే మరో సభ దాకా ఆగుతారు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఇంటర్నెట్ ఇంజినీరింగ్ టాస్క్ ఫోర్స్‌లో అనుకూలురు, ప్రతికూలురు విడివిడిగా ‘మ్’ అని శబ్దం చేసే ఆనవాయితీ ఉంది. వినడానికి వింతే గాని, అక్కడ తూచేది సంఖ్యను కాదు, అభ్యంతరంలోని బలాన్ని. జవాబు దొరకని అభ్యంతరం ఒక్కటున్నా ప్రతిపాదన ఆగవచ్చు. జవాబు దొరికాక ఎంతమంది కాదన్నా ముందుకు పోవచ్చు.

కాబట్టి రోజువారీ పనులకు చర్చ చాలు. ప్రత్యేక మెజారిటీని బైలా సవరణకు, ఆస్తి అమ్మకానికి, సభ్యుల తొలగింపుకు, సంఘం రద్దుకు దాచుకోవడం మేలు. ఆ వంతులు హాజరైనవారిలోనా, మొత్తం సభ్యుల్లోనా అన్నది మాత్రం బైలాలో తేటగా రాసుకోవాలి. 120 మంది ఉన్న సంఘంలో 30 మందే వస్తే, మూడింట రెండు వంతులంటే ఒక లెక్కన 20, మరో లెక్కన 80.