మీకు తెలుసా? రజా దాటిన మిలట్రీ పిల్లోడి సంగతి

బాగేపల్లి బస్టాండులో, పేరూ నంబరూ తెల్లరంగుతో రాసిన నల్ల ట్రంకు పెట్టె దిగిందంటే మిలట్రీ పిల్లోడు రజాకు వచ్చాడన్నమాట. బోరు పని మిగిలిందనో, అమ్మకు ఒంట్లో బాగాలేదనో ఆ పెట్టె గడువులోగా తిరుగు బస్సెక్కకపోతే?

● ఆలస్యం వేరు, పారిపోవడం వేరు. 1950 ఆర్మీ చట్టంలో సెలవు దాటితే 39వ సెక్షన్: మూడేళ్ల దాకా జైలు. పారిపోతే 38వ సెక్షన్: ఏడేళ్ల దాకా. అదే యుద్ధ విధుల్లో ఉండగా పారిపోతే మరణశిక్ష కూడా పడొచ్చు. తిరిగి పోవాలన్న మనసుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. 1986లో కెప్టెన్ వీరేంద్ర కుమార్ కేసులో సుప్రీంకోర్టు పట్టుకున్నదీ ఈ తేడానే.

● 30 రోజులు దాటితే యూనిట్‌లో విచారణ కూర్చుంటుంది. మనిషి సంగతే కాదు, అతనికిచ్చిన తుపాకీ, బట్టలు, సామాన్లలో ఏం తగ్గాయో కూడా లెక్క రాస్తారు. ఆ తర్వాతా రాకపోతే 'భగోడా' ముద్ర పడ్డట్టే.

● పారిపోయాడన్న కబురు సొంత జిల్లా పోలీసులకు వస్తుంది. చింతామణి ఊరివాడి కాగితం 2007లో చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడేదాకా కోలారుకు పోయేది. పారిపోయినవాణ్ణి పట్టుకోవడానికి వారంటు అక్కర్లేదు.

● అన్నిటికన్నా వింతైనది ఇదీ. పారిపోయినవాడని తెలిసీ దాచిపెడితే రెండేళ్ల దాకా జైలు. పెళ్లాం దాచితే మాత్రం నేరం కాదు! 1860 నాటి శిక్షాస్మృతి 136వ సెక్షన్ ఇచ్చిన మినహాయింపు అది. అమ్మకు లేదు, అన్నకు లేదు, అటక చూపించిన మేనమామకు అసలే లేదు. 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత దాన్ని మొగుడికీ వర్తింపజేసింది. ఆర్మీలో ఇప్పుడు ఆడవాళ్లూ ఉన్నారు మరి. అమ్మ సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

● పారిపోయినవాడు సరుకు ఓడలో దాక్కుంటే ఓడ కెప్టెన్‌కు జరిమానా అని ఆ సంహితలోనే ఇంకో సెక్షన్ ఉంది. బాగేపల్లికి రైలే లేదు, ఇక ఓడెక్కడ!

● మామూలు సైనిక నేరాలకు మూడేళ్లు దాటితే కోర్టు మార్షల్ ఉండదు. పారిపోవడానికి ఆ గడువు వర్తించదు. అయితే తిరిగొచ్చి మూడేళ్లు వరసగా మచ్చలేకుండా పనిచేసిన జవానుపై, యుద్ధ విధుల నుంచి పారిపోయిన కేసైతే తప్ప, విచారణ జరపకూడదని ఆ ఆర్మీ చట్టమే అంటుంది.

ఆర్మీలోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ కేంద్రం బెంగళూరులోని హలసూరు దగ్గరే ఉంది. ఆ దళం పిల్లోడికైతే బాగేపల్లి నుంచి హలసూరు సుమారు వంద కిలోమీటర్లు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి గేటు ముందుంటాడు.