వేల్పుకు వేషం

నిజామాబాదు జిల్లాలో ఆర్మూరుకు సమీపంలోని వేల్పూరు పసుపు పంటకు పేరుగాంచిన ప్రాంతం. ఆ ఊరి పేరు పలికినప్పుడు ‘వేల్పు’ అనే అచ్చ తెలుగు మాట స్ఫురిస్తుంది. వేల్పు అంటే దైవం. కంటికి కనిపించని వేల్పుకు కనిపించే రూపం కల్పించడం మానవుడు అనాదిగా చేస్తున్న సాధన. శిల్పి రాతితోను, చిత్రకారుడు రంగులతోను ఆ పని చేస్తే, నటుడు తన దేహంతోనే చేస్తాడు. అతని దేహాన్ని పాత్రగా మార్చే అలంకరణ విద్యను నాట్యశాస్త్రం ‘ఆహార్యం’ అన్నది. ఆంగికం, వాచికం, సాత్త్వికం అనే తక్కిన మూడు అభినయాలు నటునిలో నుండి వెలువడతాయి. ఆహార్యం వెలుపలి నుండి వచ్చి చేరుతుంది. అయినా ప్రేక్షకుడు మొదట చూసేది దానినే.

ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఈ విద్యను తరతరాలుగా కాపాడుతూ వచ్చినవారు చిందు యక్షగాన కళాకారులు. మాదిగ కులాన్ని ఆశ్రయించి జీవించిన ఈ కళాకారులు కుటుంబ సమేతంగా ఊరూరా తిరిగి రామాయణ, భారత, భాగవత కథలను, తమ కులగాథ అయిన జాంబపురాణాన్ని ఆడేవారు. వారికి శాశ్వతమైన రంగస్థలం లేదు. ఊరి ఖాళీ స్థలమే వేదిక. పూర్వం కాగడాలే దీపాలు. అంతఃపురాన్ని గాని, అరణ్యాన్ని గాని చూపే దృశ్యాలు లేని చోట కథాలోకాన్ని నిలబెట్టే భారమంతా వేషం మీదనే పడుతుంది.

వేషకల్పనలో మొదటి మెట్టు కథను అర్థం చేసుకోవడం. ఏ పాత్రకు ఏది గుర్తో ముందుగా నిర్ణయించాలి. నెమలిపింఛం, పిల్లనగ్రోవి కనిపిస్తే చాలు, కృష్ణుడని పసిపిల్లలు సైతం చెప్పగలరు. పీతాంబరం విష్ణువును, పులితోలు, రుద్రాక్షలు శివుని సూచిస్తాయి. అడవిబిడ్డ అయిన చెంచులక్ష్మికి కిరీటం కన్న పూసలు, ఈకలు తగినవి. ఈ సూత్రం తెలుగునేలకే పరిమితం కాదు. ఉత్తర ఐరోపాకు చెందిన నార్స్ పురాణాలలో దేవతలకు పెద్ద ఓడిన్. అతడు జ్ఞానజలం కోసం తన కన్నొకటి అర్పించాడని కథ. అందువల్ల ఆ వేషానికి మూతపడిన ఒక కన్ను, వెడల్పాటి అంచుల టోపీ, చేతిలో ఈటె గుర్తులైనాయి. అతని కుమారుడు థోర్‌కు సుత్తి గుర్తు. కథలోని త్యాగమో, పరాక్రమమో ఒక వస్తువుగా మారి దేహంపై నిలవడమే వేషకల్పనలోని రహస్యం.

రెండవ మెట్టు తగిన పదార్థాన్ని ఎంచుకోవడం. కథలోని రాజు బంగారు కిరీటం ధరించవచ్చు. తెల్లవారేవరకు చిందులు తొక్కే నటుడు అంత లోహభారాన్ని మోయలేడు. బరువైన నగలు నటుని అలసటకు గురిచేస్తాయి కనుక తేలికైనవే వాడాలని నాట్యశాస్త్రం ఏనాడో హెచ్చరించింది. చిందు ఆభరణాలకు వాడే పొనికి కర్ర ఈ సూత్రానికి చక్కని ఉదాహరణ. నిర్మల్ కొయ్యబొమ్మలకు వాడేదీ ఈ కర్రనే. ఇది మెత్తగా ఉండి ఉలికి సులువుగా లొంగుతుంది; ఎండిన పిమ్మట మిక్కిలి తేలికవుతుంది. కిరీటం, భుజకీర్తులు మొదలైన వాటిని ఇటువంటి కర్రతో విడివిడి భాగాలుగా చెక్కి అతుకుతారు. కొయ్యబొమ్మల పనివారు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో సందులు పూడ్చి, నునుపు చేసి, రంగు వేస్తారు. కిరీటానికైతే ఆపై బంగారు వన్నె కాగితం, అద్దపు బిళ్లలు అమరుతాయి. ఈ బిళ్లలు అలంకారానికి మాత్రమే కావు. నటుడు కదలినప్పుడల్లా కాగడా వెలుగు వాటిపై పడి చెదరి, దూరాన కూర్చున్నవారికి కూడా దివ్యకాంతిగా తోస్తుంది.

మూడవ మెట్టు రంగు. పాత తరం వేషధారులు ముఖానికి పసుపు వన్నె గల అర్దళం పూసుకొనేవారు. అది ఆర్సెనిక్, గంధకాల సమ్మేళనం, విషపదార్థం. అందువల్ల నేడు దానిని వాడరాదు. దుస్తులకైతే వేల్పూరు పొలాల్లో పండే పసుపే మంచి రంగు. పసుపు కలిపిన వేడినీటిలో తెల్లని నూలుగుడ్డను నానబెట్టి నీడన ఆరవేస్తే పీతాంబరం సిద్ధమవుతుంది. అయితే ఎండ తగిలితే ఈ రంగు త్వరగా వెలిసిపోతుంది. సున్నం గాని, సబ్బు గాని తగిలితే ఎర్రబారుతుంది. శుభకార్యాలలో దిష్టి తీసే ఎర్రనీళ్లు పసుపు, సున్నం కలయికతో ఏర్పడేవే.

వేషానికి గల శక్తి అపారమైనది. 1876లో జర్మనీలోని బైరాయిట్ నగరంలో వాగ్నర్ సంగీత నాటకాలను నార్స్, జర్మన్ గాథల ఆధారంగా ప్రదర్శించారు. వాటికి దుస్తులు రూపొందించిన కార్ల్ ఎమిల్ డోప్లర్ కొన్ని పాత్రలకు కొమ్ములున్న శిరస్త్రాణాలు కల్పించాడు. వైకింగులు కొమ్ముల శిరస్త్రాణాలు ధరించేవారనే నమ్మకం లోకమంతటా వ్యాపించడానికి ఆ వేషాలు ముఖ్యమైన కారణమైనాయి. నార్వేలో 1943లో బయల్పడిన వైకింగుల కాలపు ఇనుప శిరస్త్రాణానికి కొమ్ములు లేవు. అయినా లోకం నేటికీ కొమ్ములనే తలచుకొంటుంది.

చరిత్రను మరిపించగల వేషం, కులాన్ని మరిపించగలదా? చిందు కళాకారుల జీవితం దీనికి సమాధానం చెబుతుంది. అంటరానివారని ఊరి వెలుపల ఉంచిన సమాజమే, వారు ఎల్లమ్మ వేషం కట్టినప్పుడు చేతులెత్తి మొక్కింది. కిరీటం దించిన మరుక్షణం పాత ఎల్లలు మళ్లీ లేచి నిలిచాయి. బోధన్ ప్రాంతానికి చెందిన చిందుల ఎల్లమ్మ ఆ రెండు లోకాల నడుమ జీవించిన మహాకళాకారిణి. బాల్యంలోనే కాలికి గజ్జె కట్టి, చెంచులక్ష్మి వంటి పాత్రలతో ప్రజలను అలరించిన ఆమెను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో హంస పురస్కారంతో గౌరవించింది. ఆమె 2005లో కన్నుమూశారు.

సినిమా, టెలివిజన్ వ్యాపించిన పిమ్మట చిందు ప్రదర్శనలు తగ్గినాయి. కళాశాల వార్షికోత్సవానికి అద్దె కిరీటం తెచ్చుకోవడం నేడు తేలికైన పని. కాని కర్రను చెక్కి, గుడ్డకు రంగు అద్ది, ఒక వేషాన్ని స్వయంగా తయారుచేసుకొన్న విద్యార్థికి కిరీటం బరువుతోపాటు, దానిని ఇంతకాలం మోసినవారి శ్రమ కూడా తెలిసివస్తుంది. వేషానికి మొక్కిన చేతులు, వేషం విప్పిన మనిషిని సైతం గౌరవించిన నాడే ఆ కళకు నిజమైన పట్టాభిషేకం.